నడుం మీద చెయ్యి వేసే ముందు

నడుం పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తొక్కించుకోవడం మన పల్లెల్లో పాత అలవాటు. తల కాకుండా కాళ్ళు ముందు బయటికొచ్చిన బిడ్డ పాదంలో ఏదో గుణం ఉంటుందని నమ్మకం. వీధిలో అలాంటి కుర్రాడు ఒకడుంటే వాడికి గిరాకీ ఎక్కువ. పెద్దాయన అరుగు మీద బోర్లా పడుకుంటాడు. వాడు భయంభయంగా పాదం మోపి నాలుగుసార్లు అదుముతాడు. పెద్దాయన మూలుగుతూ లేచి, "పోయిందిరా! లోపలికెళ్ళి అత్తనడిగి బెల్లం ముక్క తీసుకో" అంటాడు. నిజంగానే చాలాసార్లు పోయేది. కొత్తగా పట్టిన నడుం నొప్పి చాలామందిలో కొద్ది వారాల్లో తనంతట తానే తగ్గుముఖం పడుతుంది కాబట్టి, ఆ సమయానికి ఎవరి పాదం నడుం మీదుంటే పేరు వారికొస్తుంది.

అయినా ఆ అరుగు వైద్యాన్ని నవ్వి వదిలెయ్యబుద్ధి కాదు నాకు. ఒక మనిషి స్పర్శ, తగ్గుతుందన్న నమ్మకం, నొప్పి అనగానే పట్టించుకునే ఇల్లు అందులో ఉన్నాయి. నొప్పి మీద పనిచేసే శాస్త్రవేత్తలు ఇవాళ వీటినే కొలిచి చూస్తున్నారు. అసలు చిక్కు నొప్పి మూడు నెలలు దాటాక మొదలవుతుంది. అక్కడ కుర్రాడి పాదం పనిచెయ్యదు, ఒక్కోసారి పెద్ద డాక్టరు మాటా పనిచెయ్యదు.

మూడు నెలలకు మించి ఉండిపోతే దాన్ని దీర్ఘకాలపు నడుం నొప్పి అంటారు. 2020లో ప్రపంచం మొత్తం మీద 61.9 కోట్ల మంది నడుం నొప్పితో ఉన్నారని అంచనా. జనాభా పెరుగుతూ ముసలితనం పెరుగుతూ పోతే 2050 నాటికి ఆ లెక్క 84.3 కోట్లకు చేరుతుందంటున్నారు. మనుషుల్ని పనికి దూరం చేసే బాధల్లో దీనిదే మొదటి స్థానం. ఇలా నిలిచిపోయిన నొప్పుల్లో పదింట తొమ్మిదింటికి 'ఇదిగో, ఇది విరిగింది, ఇది పుండు పడింది' అని వేలుపెట్టి చూపించే కారణం దొరకదు. నొప్పి అబద్ధమని దీనర్థం కాదు. నొప్పి ఉంది, నొప్పికి తగ్గ గాయం కనబడదు, అంతే. ఈ 'అంతే' అన్న మాటే రోగికీ, చాలామంది వైద్యులకీ మింగుడుపడదు.

అందుకని స్కాన్ తీస్తారు. స్కాన్ ఎప్పుడూ ఖాళీ చేతులతో పంపదు. 'ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ ఉబ్బింది', 'పూసలు అరిగాయి', 'గ్యాప్ వచ్చింది', 'నరం నొక్కుకుంటోంది'. ఆ నల్లటి ఫిల్ము కవరు అప్పట్నుంచీ రేషన్ కార్డులా ఇంట్లో భద్రంగా ఉంటుంది. ఎవరొచ్చినా తీసి చూపిస్తారు. నడుం నొప్పి అసలే లేని 3,110 మంది స్కాన్లను కలిపి చూసిన ఒక సమీక్ష 2015లో వెలువడింది. ఏ బాధా లేని ఇరవై ఏళ్ళ వాళ్ళలోనే 37 శాతానికి డిస్కులు అరిగి ఉన్నాయి, ఎనభై ఏళ్ళ వాళ్ళలో 96 శాతానికి. డిస్కు ఉబ్బడం ఇరవైల్లో 30 శాతం, ఎనభైల్లో 84 శాతం. జుట్టు నెరవడం, చర్మం ముడతపడడం లాంటి మార్పులే లోపల కూడా జరుగుతాయి. కాకపోతే నెరిసిన జుట్టు చూపించి 'నీ తల పాడైపోయింది' అని ఎవరూ అనరు, అరిగిన పూస చూపించి 'నీ నడుం పాడైపోయింది' అని మాత్రం అంటారు.

ఆ మాట ఎంత దూరం పోతుందో న్యూజిలాండ్ పరిశోధకులు 2013లో రోగులతో మాట్లాడి రాశారు. వైద్యుడు ఎప్పుడో యథాలాపంగా అన్న ఒక్క మాటని ఏళ్ళ తరబడి మోస్తూ, నడుమంటే జాగ్రత్తగా కాపాడుకోవలసిన బలహీనమైన వస్తువనుకుంటూ బతుకుతున్న మనుషులు వాళ్ళకి కనబడ్డారు. మన దగ్గరా ఇంటింటికీ ఒకరుంటారు. 'వంగొద్దన్నారు', 'బరువెత్తొద్దన్నారు', 'కింద కూర్చోవద్దన్నారు'. అన్నది ఎవరు, ఎప్పుడు అని అడిగితే పన్నెండేళ్ళ కిందటి మాట.

ఇక చేతులతో చేసే వైద్యం సంగతి. దాని వంశవృక్షం పెద్దది. మన నలుగు, నూనె మర్దన, పుత్తూరు కట్టు కట్టేవాళ్ళ చేతివాటం ఒక కొమ్మ. 1874లో అమెరికాలో ఆండ్రూ టేలర్ స్టిల్ మొదలుపెట్టిన ఆస్టియోపతీ, 1895లో అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్‌లో డేనియల్ పామర్ మొదలుపెట్టిన కైరోప్రాక్టిక్ ఇంకో రెండు. ఫిజియోథెరపీలో ఆస్ట్రేలియాకు చెందిన జెఫ్రీ మైట్‌లాండ్ 1964లో వెన్నెముక చికిత్స మీద రాసిన పుస్తకం తరాల విద్యార్థులకు పాఠం. ఫిజియోలు చేసేవి స్థూలంగా మూడు రకాలు. కండరాల మీద మర్దన ఒకటి. కీలుని బొటనవేళ్ళతోనో అరచేతి మడమతోనో మెల్లగా, ఊపులో ముందుకూ వెనక్కూ కదిలించడం రెండోది, దాన్ని మొబిలైజేషన్ అంటారు. మూడోది చిన్న దూరం, పెద్ద వేగంతో ఒక్క కుదుపు ఇవ్వడం, మానిప్యులేషన్. సెల్‌ఫోన్ వీడియోల్లో 'టక్' మని మోగేది ఈ మూడోది.

ఆ టక్‌మన్న చప్పుడు మీద బోలెడు వ్యాపారం నడుస్తోంది కాబట్టి కాస్త ఆగి చూద్దాం. మెటికలు విరిచినప్పుడు వచ్చే చప్పుడూ ఇదీ ఒకే జాతివి. కీలులో జిగట ద్రవం ఉంటుంది. రెండు ఎముకల కొసల్ని ఒక్కసారిగా విడదీస్తే ఆ ద్రవంలో వాయువుతో నిండిన చిన్న ఖాళీ ఏర్పడుతుంది. కెనడా పరిశోధకులు 2015లో ఎమ్మారై యంత్రంలో వేలు పెట్టించి, మెటిక విరుగుతుండగా ఈ సంగతి చూశారు. జరిగిన పూస తిరిగి చోటుకి చేరిన చప్పుడు కాదది. అసలు కుదుపుతో పూస సర్దుకోవడం అన్న కథే నిలబడదు. 1998లో స్వీడన్‌లో ఒక చిన్న పరీక్ష చేశారు. తుంటి ఎముక వెన్ను అడుగుతో కలిసే కీలు 'పక్కకు జరిగింది' అని చికిత్సకులు తేల్చిన పదిమందిని తీసుకుని, ఎముకల్లో టాంటలం లోహపు సన్నటి గోళీలు పెట్టి, కుదుపుకి ముందూ తర్వాతా ఎక్స్‌రేలతో అతి సూక్ష్మంగా కొలిచారు. కుదుపు ఇచ్చాక చికిత్సకులు మళ్ళీ చేత్తో పరీక్షించి 'సర్దుకుంది' అన్నారు. కొలతల్లో ఎముక ఉన్న చోటే ఉంది.

ఈ పరీక్ష నాకు ఎందుకిష్టమంటే, అది చేతి వైద్యాన్ని ఓడించలేదు. చేతి వైద్యం తన గురించి చెప్పుకునే కథని మాత్రమే ఓడించింది. కుదుపు తర్వాత మనిషికి హాయిగా ఉంటుందన్నది నిజమే. అది ఎముక దగ్గర జరగలేదు, మరి ఎక్కడ జరిగింది?

జవాబులో మొదటి ముక్క మనకందరికీ అనుభవమే. మోకాలు గోడకి కొట్టుకుంటే ఏం చేస్తాం? గబగబా రుద్దుతాం. రుద్దితే తగ్గుతుంది. రోనల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు 1965లో దీనికి ఒక వివరణ ఇచ్చారు: వెన్నుపాములో ఒక తలుపు లాంటి ఏర్పాటు ఉంటుంది, స్పర్శ కబుర్లు ఎక్కువగా వస్తే నొప్పి కబుర్ల దారి సన్నబడుతుంది, పైనుంచి మెదడు కూడా ఆ తలుపుని తెరవగలదు, మూయగలదు. వివరాల్లో తర్వాత మార్పులొచ్చినా మూలం నిలిచింది. రెండో ముక్క ఇంకా చిత్రమైనది. వెంట్రుకలున్న చర్మంలో కొన్ని సన్నటి నరాలు మెల్లటి నిమురుడుకే బాగా పలుకుతాయి. సెకనుకి ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంతో నిమిరితేనే వాటికి ఇష్టం. జోలపాడుతూ బిడ్డ వీపు నిమిరే తల్లి చెయ్యి సరిగ్గా ఆ వేగంతోనే కదులుతుంది, ఎవరూ నేర్పకుండా. స్పర్శనీ ఒత్తిడినీ పట్టుకునే గ్రాహకాలను కనిపెట్టినందుకు ఆర్డెమ్ పటపూటియన్‌కు 2021లో నోబెల్ బహుమతి దక్కింది. దాన్ని పంచుకున్న డేవిడ్ జూలియస్ వేడి, మంట తెలిసే గ్రాహకాన్ని పట్టుకోవడానికి వాడింది మిరపకాయ ఘాటు పదార్థాన్ని. గుంటూరు వాళ్ళు గర్వపడవచ్చు.

మూడో ముక్క మెదడు. నొప్పి అంటే గాయం పంపిన టెలిగ్రాం కాదు. శరీరం నుంచి వచ్చే కబుర్లు, పాత అనుభవాలు, భయం, నిద్ర, ఇంటి పరిస్థితి అన్నీ బేరీజు వేసుకుని మెదడు ఇచ్చే హెచ్చరిక అది. నెలల తరబడి మోగిన హెచ్చరిక గంట సున్నితమైపోతుంది. దొంగ రాకపోయినా గాలికే మోగుతుంది. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో నిర్వచనాన్ని సవరించినప్పుడు, నొప్పి శరీరానుభవమూ మనసు అనుభవమూ కలిసినదే అన్న మాటని అలాగే ఉంచింది. నిర్వచనం కింద, ఎవరికి వారి బతుకు అనుభవాల్ని బట్టి నొప్పి అర్థం నేర్చుకుంటారని ఒక వివరణ కూడా చేర్చింది. స్కాట్లండ్‌కు చెందిన ఎముకల సర్జన్ గోర్డన్ వాడెల్ 1987లోనే నడుం నొప్పిని శరీరం, మనసు, సంఘం మూడింటి ముడిగా చూడాలని రాశాడు. రోజూ కత్తి పట్టే మనిషి ఆ మాట అన్నాడు కాబట్టి దానికి బరువెక్కువ.

చెయ్యి పనిచేసేది ఎముక మీద కాక నరాల మీదా, నమ్మకం మీదా అయితే, ఆ చెయ్యి ఎవరిది, ఏమంటూ వేసింది, ఎవరి మీద వేసింది అన్న ప్రశ్నలు ముందుకొస్తాయి. కెనడాలో 117 మంది దీర్ఘకాలపు నడుం నొప్పి రోగులతో చేసి 2014లో ప్రచురించిన ప్రయోగం దీన్ని సూటిగా అడిగింది. అది చేతి చికిత్స కాదు, మన క్లినిక్కుల్లో 'కరెంటు పెట్టడం' అంటామే, అలాంటి యంత్రం. కొందరికి నిజం కరెంటు, కొందరికి ఉత్తుత్తి కరెంటు. మళ్ళీ వీళ్ళలో సగం మందికి చికిత్సకుడు రెండు ముక్కలు చెప్పి గదిలోంచి వెళ్ళిపోతాడు, సగం మందితో పక్కనే కూర్చుని వాళ్ళ బాధ వింటాడు, అడుగుతాడు, ధైర్యం చెబుతాడు. ఒక్క సిటింగ్ అయ్యాక చూస్తే, నిజం కరెంటూ మంచి మాటా కలిసినవాళ్ళకు నొప్పి 77 శాతం తగ్గింది. ఉత్తుత్తి కరెంటూ ముక్తసరి మాటా దొరికినవాళ్ళకు 25 శాతం. మధ్యలో ఉన్న రెండు గుంపుల్నే చూడండి. కరెంటు నిజమైనదే అయినా మాట కరువైనవాళ్ళకు 47 శాతం దాకా తగ్గితే, కరెంటే లేకుండా మాట మాత్రం దొరికినవాళ్ళకు 55 శాతం దాకా తగ్గింది. ఒక్కరోజు ఫలితమే, ఏడాది తర్వాత ఏమయ్యారో దీన్నిబట్టి చెప్పలేం. కానీ యంత్రం పెట్టి, టైమర్ తిప్పి, ఫోన్ చూసుకుంటూ పక్క గదిలోకి పోయే అలవాటున్న వాళ్ళంతా ఈ అంకెల్ని ఒకసారి గోడకి అంటించుకోవాలి.

మనిషిని బట్టి చేతి చికిత్స అనే ఆలోచనకు పునాది ఇక్కడుంది. మైట్‌లాండ్ పాత పాఠంలోనే దీని విత్తనం ఉంది: రోగి చెప్పేది నమ్ము, ఏ కదలిక దగ్గర నొప్పి వస్తోందో అతన్నే అడుగు, చెయ్యి వెయ్యి, వెంటనే అదే కదలిక మళ్ళీ చేయించి చూడు. తర్వాతి రోజుల్లో శిష్యులు ఏ పూస మీద ఏ గ్రేడు ఒత్తిడి అన్న లెక్కలు పట్టుకుని, మొదటి ముక్క జారవిడిచారు. ఇప్పుడు గాలి మళ్ళుతోంది. ఫలానా పూసనే గురిపెట్టి కొట్టక్కర్లేదని, చేతితో తడిమి ఏ పూస 'బిగుసుకుందో' చెప్పడంలో ఇద్దరు నిపుణులు కూడా తరచూ ఒక మాట మీద నిలబడలేరని తేలాక, మిగిలే ప్రశ్నలు తేలికైనవి: ఇది ఈ మనిషికి క్షేమమా, హాయిగా ఉందా, ఈ మనిషికి కావలసిన పనికి దారి తీస్తుందా?

ఇద్దర్ని ఊహించుకుందాం. ఒకావిడకు యాభై రెండేళ్ళు, నాట్లకు వెళ్ళే మనిషి. రెండేళ్ళుగా నడుం నొప్పి. ఇంకొకతను ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగి, గచ్చిబౌలిలో కంప్యూటర్ ముందు పని, నొప్పి మొదలై ఎనిమిది నెలలు. ఇద్దరి స్కాన్ రిపోర్టులోనూ ఒకే వాక్యం ఉందనుకోండి. పాత పద్ధతిలో ఇద్దరికీ ఒకే మంచం, ఒకే ఒత్తిడి, పది సిటింగుల ఒకే ప్యాకేజీ.

ఆవిడతో మొదటి ఇరవై నిమిషాలు మాటలే. "ఎక్కడ నొప్పమ్మా?" దగ్గర ఆగిపోకుండా, "నొప్పి లేకపోతే ఏం చేసేవారమ్మా?" అని అడగాలి. అప్పుడు నిజం బయటికొస్తుంది. "నాట్లకు పోతే వంగాల. వంగితే పూస ఊడిపోద్దేమోనని భయం బాబూ. పోకపోతే కూలీ రాదు. నా గుంపులో వాళ్ళు వేరేవాళ్ళని కలుపుకున్నారు." ఇందులో వైద్యం చెయ్యాల్సినవి ఎన్నున్నాయో చూడండి. ఊడిపోతుందన్న భయం ఒకటి, దాన్ని ఎవరో నాటారు. గుంపు పోయిన దిగులు ఇంకొకటి. "రాత్రి నిద్ర పడుతోందా?" అంటే కోడలి కాన్పు, కొడుకు అప్పు వస్తాయి. అవన్నీ తీర్చడం ఫిజియో వల్ల కాదు. విన్నాక మాత్రం, ఈవిడ కండరాలు ఎందుకు చెక్కలా బిగుసుకున్నాయో, ఊపిరి బిగబట్టి ఎందుకు కూర్చుంటోందో తెలుస్తుంది.

తర్వాత చెయ్యి. దానికీ ముందు ఒక ప్రశ్న ఉంది. "ఇక్కడ చెయ్యి వెయ్యొచ్చా అమ్మా? ఇబ్బందైతే చెప్పండి, మా మేడమ్ ఉన్నారు, ఆవిడ చేస్తారు." మన దగ్గర ఆడవాళ్ళు చీర ముడి పక్కన పరాయి మగవాడి చెయ్యి పడితే ఒళ్ళంతా బిగదీసుకుని, 'సరేలెండి' అంటారు. ఆ సరే సమ్మతి కాదు. బిగుసుకున్న ఒంటి మీద ఎంత నైపుణ్యమున్న చెయ్యయినా వృథా. దుప్పటి కప్పి, ఏం చేయబోతున్నారో ముందు చెప్పి, 'నొప్పి పదికి ఆరు దాటితే ఆపేస్తాను' అని మాటిచ్చి మొదలుపెడితే, సగం మర్దన అక్కడే అయిపోతుంది. నొప్పి పెడితేనే పనిచేసినట్టు అనే నమ్మకం మనలో గట్టిగా ఉంది, గట్టిగా నొక్కకపోతే డబ్బులు దండగనుకుంటారు. దీర్ఘకాలపు నొప్పిలో, గంట ఇప్పటికే అతిగా మోగుతున్నప్పుడు, దాన్ని ఇంకా బాదడంలో అర్థం లేదు.

ఐదు నిమిషాలు మెల్లగా నడుం కదిలించాక ఆవిడని నిలబెట్టి, "ఇప్పుడు వంగి చూడండి" అంటారు. ఇందాక మోకాళ్ళ దాకా వంగినావిడ పిక్కల దాకా వంగుతుంది. ఈ కాస్త వెసులుబాటే చేతి చికిత్స ఇచ్చే అసలు సరుకు. ఎక్కువసేపు నిలవదు, గంటల్లోనో రోజుల్లోనో పోతుంది. అందుకే ఆ కాస్త సందులో ఏం మాట చెబుతారన్నది ముఖ్యం. "చూశారా, పూస సర్దేశాను" అంటే ఆవిడ జీవితాంతం సర్దించుకోవడానికి వస్తూనే ఉంటుంది. "చూశారా, మీ నడుం వంగగలదు. నేను లోపల ఏమీ మార్చలేదు, బిగింపు వదిలిందంతే" అంటే, వంగింది తన నడుమేనని ఆవిడకి తెలుస్తుంది. చేతుల పని ఒకటే, రెండు వాక్యాల ఫలితాలు వేరు. దీర్ఘకాలపు నడుం నొప్పిలో చెడ్డ చికిత్సకీ మంచి చికిత్సకీ తేడా నా లెక్కన చాలావరకు ఈ వాక్యంలోనే ఉంది.

కంప్యూటర్ అతని కథ వేరు. అతను యూట్యూబ్ చూసి వచ్చాడు, టక్ మనిపించమంటాడు. వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని కూర్చుని అలిసిపోయాడు, మూడువేలు పెట్టి నడుం బెల్టు కొన్నాడు. అతనికి మర్దన కన్నా, రోజుకి ఎన్ని గంటలు కదలకుండా ఉంటున్నాడన్న లెక్కా, రాత్రి రెండింటి దాకా సాగే అమెరికా కాల్సూ ఎక్కువ పనికొచ్చే సంగతులు. అన్నీ సక్రమంగా ఉంటే ఒక కుదుపు అడిగితే ఇవ్వవచ్చు. నమ్మకం కూడా మందే. 'ఇది చప్పుడే, ఎముక జరగడం కాదు' అని ముందే చెప్పి మరీ ఇవ్వాలి.

ఇంత చేస్తే ఎంత లాభం? ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. దీర్ఘకాలపు నడుం నొప్పికి వెన్నెముక మానిప్యులేషన్ మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 2019లో ఒక సమీక్ష వచ్చింది. వ్యాయామం లాంటి, ఇప్పటికే సిఫారసులో ఉన్న చికిత్సలు ఎంత మేలు చేస్తాయో ఇదీ దాదాపు అంతే, ఎక్కువా కాదు, తక్కువా కాదని తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఈ నొప్పి మీద మొదటిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. వ్యాయామం, నొప్పి గురించి అర్థమయ్యేలా చెప్పడం, ప్రవర్తనా చికిత్సలతో పాటు వెన్నెముక మానిప్యులేషన్‌నీ మర్దననీ ఇవ్వదగినవాటిలో చేర్చింది, ఆధారాల బలం తక్కువేనని ఒప్పుకుంటూనే. వద్దన్న జాబితా చదివితే మాత్రం మన వీధి చివరి క్లినిక్ ధరల పట్టిక గుర్తొస్తుంది: నడుం బెల్టులు, నడుం సాగదీసే ట్రాక్షన్, అల్ట్రాసౌండ్, టెన్స్ కరెంటు. నల్లమందు జాతి ఓపియాయిడ్ మాత్రలు కూడా.

ఇంకాస్త ముందుకు వెళ్ళిన ప్రయోగం ఆస్ట్రేలియాది, 2023లో లాన్సెట్‌లో వచ్చింది. 492 మంది, పెర్త్, సిడ్నీ నగరాల్లో ఇరవై క్లినిక్కులు. పన్నెండు వారాల్లో ఏడు సిటింగుల దాకా, ఆరో నెలలో ఇంకొకటి. ఆ చికిత్సలో చేతికన్నా మాటకూ కదలికకూ పెద్ద పీట. ప్రతివాళ్ళతో వాళ్ళ కథే చెప్పించి, వాళ్ళు భయపడే కదలికనే కొంచెం కొంచెంగా చేయించి, నిద్ర, పని, ఒత్తిడి సర్దుబాటు చేయిస్తారు. రోజువారీ పనుల ఇబ్బందిని 24 మార్కులకు కొలిచే పట్టికలో, మామూలు వైద్యంలో ఉన్నవాళ్ళకన్నా వీళ్ళకి దాదాపు నాలుగున్నర మార్కుల మేలు కనబడింది, ఏడాదికి కూడా అది నిలిచింది. నడుం నొప్పి పరిశోధనలో ఇంత తేడా, ఇంతకాలం నిలవడం అరుదు. దాని ముందు ఒట్టి చేతి చికిత్స లాభం చిన్నది. నా మట్టుకు నాకు చేతి చికిత్స పెళ్ళి కాదు, పెళ్ళిచూపులు.

ఎవరి నడుం మీద అసలు చెయ్యి వెయ్యకూడదన్నది మాత్రం కచ్చితంగా తెలిసి ఉండాలి. మూత్రం, దొడ్డి అదుపు తప్పడం లేదా మూత్రం బిగుసుకుపోవడం, సైకిల్ సీటు తగిలే చోట తిమ్మిరెక్కడం, కాళ్ళు రెండూ బలహీనపడడం, ఇవి కనబడితే ఫిజియో దగ్గరికి కాదు, ఆ పూటే పెద్దాసుపత్రికి పోవాలి, గంటలు లెక్కపెట్టుకునే అత్యవసరం అది. జ్వరం, రాత్రిళ్ళు చెమటలు, బరువు తగ్గడం ఉంటే మన దేశంలో వెన్నెముక క్షయని మర్చిపోకూడదు. గతంలో క్యాన్సర్, పడ్డ దెబ్బ, ఎముకలు గుల్లబారడం, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడడం ఉంటే కుదుపులు నిషేధం. మామూలు మనిషికి మర్దన తర్వాత ఒకటి రెండు రోజులు ఒళ్ళు సలపడం సహజమే. మెడ విరవడం వేరే కథ, మెడలో మెదడుకి పోయే రక్తనాళాలున్నాయి. అరుదే అయినా ప్రమాదం పెద్దది. క్షౌరశాలలో గడ్డం గీసి, తల మర్దన చేసి, చివర్న చెప్పాపెట్టకుండా మెడ తిప్పే చెయ్యికి ముందుగానే వద్దని చెప్పడం మంచిది.

నాట్ల ఆవిడ నాలుగో సిటింగుకి వచ్చేసరికి మంచం ఎక్కలేదు. ఎక్కించలేదు. ఫిజియో గది మూల నీళ్ళు నింపిన స్టీలు బిందె పెట్టాడు, సగానికి. "ఇంట్లో ఎలా ఎత్తుతారో చూపించండమ్మా" అన్నాడు. ఆవిడ ఊపిరి బిగబట్టి, నడుం కర్రలా పెట్టి, మోకాళ్ళ మీద సగం కూర్చుంది.

"అలా కాదమ్మా, మామూలుగా. నడుం గురించి మర్చిపోయి, ఊపిరి వదుల్తూ."

"వంగొచ్చా?"

"వంగండి."

చెయ్యి సాయం ఇవ్వడానికి ముందుకొచ్చినవాడే ఆగి, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. బిందె నేల వదిలి చంక దాకా వచ్చింది.

"మోటారు చెడిపోతే మా ఇంట్లో నిండు బిందె ఎత్తాల బాబూ," అందావిడ, దింపకుండానే.

"అయితే కుళాయి దగ్గరికి రండి, ఇంకాస్త నింపుదాం."